గాలికి అలుగు!

చిన్న ఇంజినుకి పెద్ద బలమిచ్చేది టర్బో. ఆ బలాన్ని హద్దులో ఉంచేది రూపాయి బిళ్లంత మూత. మొదటిదాని గురించి అందరూ గొప్పగా చెప్పుకుంటారు. రెండోది ఒకటుందనే చాలామందికి తెలియదు. పైగా 'ఇంకాస్త పికప్' మోజులో దానికే ఎసరు పెట్టేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే లోపల ఏం జరుగుతుంది? ఇంటిల్లిపాదీ ఎక్కే కారుకి అసలు ఎంత గాలి చాలు?

ఆదివారం వచ్చిందంటే చాలు... చీరాల, వేటపాలెం దారుల్లో కార్ల సందడి మొదలవుతుంది. ఓడరేవు, రామాపురం తీరాలకు గుంటూరు నుంచీ విజయవాడ నుంచీ హైదరాబాద్ నుంచీ కుటుంబాలు తరలివస్తాయి. ఒక వీధిలో మగ్గాల చప్పుడు. ఇంకో వీధిలో జీడిపప్పు దుకాణాలు. వాటి మధ్య నుంచి రయ్యిమంటూ దూసుకెళ్లే బళ్లు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడల్లా వాటిలో కొన్ని 'ఉస్‌స్' మని నిట్టూరుస్తాయి. ఆ చప్పుడు వినగానే కుర్రాళ్ల తలలు అటు తిరుగుతాయి. 'టర్బో బండిరా!'

అలాంటి ఊళ్లో, నేత పనిమీద బతికే ఓ కుటుంబం సెకండ్‌హ్యాండ్ డీజిల్ కారు ఒకటి కొనుక్కుందనుకుందాం. సగం చేతిడబ్బు, సగం అప్పు. చీరల మూటలు చీరాల చేర్చాలన్నా, నానమ్మని ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా అదే బండి. నడిపేది కొడుకు. వాడికి ఈమధ్య ఒకటే దిగులు... బండి లాగట్లేదు. ఓరోజు నేరుగా మెకానిక్ షెడ్డుకి వెళ్లాడు.

''బాబాయ్, లారీని దాటాలంటే బండి కదలట్లేదు. టర్బో కాస్త పెంచవా? గుంటూరులో మా ఫ్రెండ్స్ చేయించుకున్నారు. ఏం కాలేదు''.

''పెంచడానికి పది నిమిషాలు చాలురా అబ్బాయ్! ఎంత దగ్గర ఆగాలో దానికి చెప్పేదెవరు?''

ఇది ఊహించుకున్న సంభాషణే. కానీ అసలు కథంతా ఆ మెకానిక్ ప్రశ్నలోనే ఉంది.

పొగతో తిరిగే పంకా

ఇంజినుకి రెండే తిండ్లు. ఒకటి ఇంధనం, రెండోది గాలి. ఇంధనం ఎంతైనా పోయొచ్చు. దాన్ని కాల్చడానికి తగినంత గాలి ఉండాలి కదా! మామూలు ఇంజిను, మనం ఊపిరి తీసుకున్నట్టే, తనంతట తాను పీల్చుకోగలిగినంతే పీల్చుకుంటుంది. 1.5 లీటర్ల ఇంజినులో పట్టేది మహా అయితే ఒకటిన్నర లీటరు గాలి. అంతకుమించి బలం కావాలంటే ఒకప్పుడు ఇంజిను సైజు పెంచడమే మార్గం. సైజు పెరిగితే బరువు పెరుగుతుంది, పెట్రోలు ఖర్చూ పెరుగుతుంది.

టర్బో దీనికి మరో దారి చూపించింది. ఇంధనంలోని శక్తిలో దాదాపు మూడోవంతు పొగతోపాటు వేడి రూపంలో వృథాగా బయటికి పోతుంది. ఆ పొగ దారిలో చిన్న చక్రం పెడితే గాలిమరలా గిర్రున తిరుగుతుంది. అదే ఇరుసుకి రెండో చివర ఇంకో చక్రం బిగిస్తే, అది బయటి గాలిని లాగి, అదిమి, ఇంజినులోకి తోస్తుంది. అంతే... టర్బో తయారు! చూడ్డానికి నత్తగుల్లలా ఉండే ఈ పరికరంలోని చక్రాలు నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల సార్లు తిరుగుతాయి. ఒక వైపు నిప్పులాంటి పొగ. రెండో వైపు బయటి గాలి. మధ్యలో ఇరుసుని కాపాడేది పల్చటి నూనె పొర.

ఇలా అదిమి పంపే గాలి ఒత్తిడినే 'బూస్ట్' అంటారు. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి సుమారు ఒక బార్. అంటే 14.7 పీఎస్ఐ. టైరులో గాలి కొట్టించేటప్పుడు '32 కొట్టు' అంటాం చూడండి... ఆ 32 కూడా పీఎస్ఐ లెక్కే. కంపెనీలు తయారుచేసే చాలా టర్బో పెట్రోలు కార్లలో బూస్ట్ దాదాపు 10 నుంచి 20 పీఎస్ఐ మధ్య ఉంటుంది. టైరులో గాలి కంటే తక్కువే! కానీ దాని ప్రభావం చిన్నది కాదు. ఒక బార్ బూస్ట్ అంటే బయటి గాలికి రెట్టింపు ఒత్తిడి. 1.5 లీటర్ల ఇంజిను దాదాపు మూడు లీటర్ల ఇంజిను పీల్చేంత గాలి పీలుస్తుందన్నమాట.

చక్రవడ్డీ లెక్క

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. టర్బోకి ఆగడం తెలియదు!

ఎలాగంటారా? గాలి ఎక్కువ వెళ్తే ఇంధనం ఎక్కువ కాలుతుంది. ఇంధనం ఎక్కువ కాలితే పొగ ఎక్కువ వస్తుంది. పొగ ఎక్కువైతే చక్రం ఇంకా వేగంగా తిరుగుతుంది. అది తిరిగితే గాలి ఇంకా ఎక్కువ వెళ్తుంది. చక్రవడ్డీలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. ఆపేవాళ్లు లేకపోతే చివరికి టర్బో అయినా పగలాలి, ఇంజిను అయినా పగలాలి.

చెరువు తవ్విన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. వాన ఎంత పడుతుందో మన చేతిలో లేదు. చెరువు నిండాక వచ్చే ప్రతి చుక్కా గట్టుమీద భారమే. అందుకే గట్టు కట్టేటప్పుడే ఒక పక్కన అలుగు కడతారు. నీరు ఆ మట్టం దాటగానే అలుగు మీదుగా పొర్లి వాగులోకి పోతుంది. గట్టు నిలుస్తుంది. వంటింట్లో కుక్కర్ మీద వెయిట్ చేసే పనీ అదే.

టర్బోలో ఆ అలుగు పేరు 'వేస్ట్‌గేట్'. పొగ చక్రం దగ్గరికి చేరకముందే పక్కనుంచి ఓ అడ్డదారి ఉంటుంది. దానికో చిన్న మూత. బూస్ట్ హద్దు చేరగానే మూత తెరుచుకుంటుంది. కొంత పొగ చక్రాన్ని తాకకుండానే సైలెన్సర్ వైపు వెళ్లిపోతుంది. చక్రం వేగం పెరగడం ఆగుతుంది. బూస్ట్ అక్కడే నిలబడుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పెట్రోలు కార్లలో యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే 'ఉస్‌స్' చప్పుడు దీనిది కాదు. అది 'బ్లో ఆఫ్ వాల్వ్' అనే మరో మూతది. కాలు తీయగానే ఇంజిను ముందున్న తలుపు మూసుకుపోతుంది. అప్పటికే తోసిన గాలి ఎటూ పోలేక వెనక్కి తన్నకుండా దాన్ని దారి మళ్లించడమే ఆ మూత పని. చప్పుడు చేసి పేరు తెచ్చుకునేది అది. చప్పుడు లేకుండా ఇంజినుని కాపాడేది వేస్ట్‌గేట్.

డబ్బా... కడ్డీ... మూత

బానెట్ ఎత్తి టర్బో పక్కన చూస్తే చిన్న గుండ్రటి డబ్బా, అందులోంచి వచ్చే సన్నటి కడ్డీ కనిపిస్తాయి. డబ్బాలో ఓ స్ప్రింగు, ఓ రబ్బరు పొర ఉంటాయి. టర్బో తోసే గాలిలో కొంత, సన్నటి రబ్బరు పైపు గుండా ఈ డబ్బాలోకి వస్తుంది. ఆ గాలి బలం స్ప్రింగు బలాన్ని మించగానే కడ్డీ కదులుతుంది, మూత తెరుచుకుంటుంది. కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. స్ప్రింగు ఎంత గట్టిదైతే బూస్ట్ హద్దు అంత ఎక్కువ.

డీజిల్ కార్లలో మరో పద్ధతీ ఉంది. తోటలో నీళ్లు పట్టేటప్పుడు పైపు మూతికి బొటనవేలు అడ్డంపెడితే నీళ్లు దూరంగా చిమ్ముతాయి కదా. వేలు తీస్తే వేగం తగ్గుతుంది. సరిగ్గా అలాగే పొగ చక్రం చుట్టూ కదిలే రెక్కలు పెట్టి దారిని ఇరుకు, వెడల్పు చేస్తారు. ఇలాంటివాటిని 'వీజీటీ' అంటారు. మారుతీ కార్లలో పేరు తెచ్చుకున్న 1.3 లీటర్ల డీజిల్ ఇంజినే మంచి ఉదాహరణ. 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్‌లో మామూలు టర్బోతో దాని బలం 75 పీఎస్. అదే ఇంజినుకి రెక్కల టర్బో పెట్టి ఎస్ఎక్స్4, ఎర్టిగా లాంటి కార్లలో 90 పీఎస్ చేశారు. 2020లో మారుతీ డీజిల్ కార్ల తయారీ ఆపేసినా ఆ బళ్లు మన రోడ్లమీద ఇంకా పరుగెడుతూనే ఉన్నాయి.

ఇక్కడో సంగతి గమనించాలి. 75 నుంచి 90కి వెళ్లడానికి కంపెనీ చేసింది స్క్రూ తిప్పడం కాదు. టర్బోనే మార్చింది. గాలి, ఇంధనం, వేడి లెక్కలన్నీ మళ్లీ వేసుకుంది.

పైపు చెప్పే అబద్ధం

మరి షెడ్డుల్లో 'పది నిమిషాల్లో' బూస్ట్ ఎలా పెంచుతారు? ఆ సన్నటి రబ్బరు పైపు మధ్యలో చిన్న వాల్వ్ పెట్టి కొంత గాలిని బయటికి వదిలేస్తారు. అసలు బూస్ట్ 15 పీఎస్ఐ ఉన్నా, డబ్బాకి చేరేది పదే. 'ఇంకా హద్దు రాలేదు' అనుకుని అది మూత తెరవదు. అంటే డబ్బాకి అబద్ధం చెప్పడమే! ఇదే 'మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్'. ఆ పైపు పూర్తిగా ఊడిపోతే? డబ్బాకి ఏ కబురూ అందదు. మూత మూసే ఉంటుంది. బూస్ట్ ఎక్కడిదాకా వెళ్తుందో తెలియదు.

ఇంకాస్త తెలివైన పద్ధతి ఎలక్ట్రానిక్‌ది. పైపు మధ్యలో విద్యుత్తుతో పనిచేసే సోలెనాయిడ్ వాల్వ్ ఉంటుంది. అది సెకనుకి ఎన్నోసార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ డబ్బాకి ఎంత గాలి వెళ్లాలో తూచి పంపుతుంది. కంపెనీలు వాడేదీ ఇదే సూత్రం. ఇప్పటి చాలా పెట్రోలు కార్లలో అయితే మూతని చిన్న ఎలక్ట్రిక్ మోటారే కదుపుతోంది. దాన్ని నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) గాలి ఒత్తిడి, గాలి వేడి, ఇంజిను వేగం... అన్నీ క్షణక్షణం చూసుకుంటుంది. ఏది తేడాగా ఉన్నా బూస్ట్ తగ్గిస్తుంది.

ఇక మూడోది 'ట్యూనింగ్ బాక్స్'. డీజిల్ కార్లకి ఎక్కువగా తగిలించేది ఇదే. ఇంధనం ఒత్తిడిని కొలిచే సెన్సర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య దూరి, ఒత్తిడి తక్కువ ఉందని చెబుతుంది. కంప్యూటర్ నమ్మి ఇంధనం పెంచుతుంది. ఇంధనం పెరిగితే పొగ, పొగ పెరిగితే బూస్ట్. కంప్యూటర్‌లోని లెక్కలనే తిరగరాసే 'రీమ్యాప్' నాలుగోది. దాన్ని తెలిసినవాళ్లు, కొలిచే పరికరాలు పెట్టుకుని చేస్తే ఒకలా ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో ఎవరి బండి ఫైలో ఎక్కించేస్తే ఇంకోలా ఉంటుంది.

ఏ పద్ధతి తీసుకున్నా మారని నిజం ఒకటే. అలుగు ఎత్తు పెంచినంత మాత్రాన గట్టు బలం పెరగదు.

మే నెల మధ్యాహ్నం...

గాలిని అదిమితే వేడెక్కుతుంది. సైకిల్‌కి గాలి కొట్టిన వాళ్లెవరికైనా పంపు అడుగు కాలిన సంగతి గుర్తుంటుంది. 30 డిగ్రీల గాలిని రెట్టింపు ఒత్తిడికి అదిమితే టర్బోలోంచి బయటికొచ్చేసరికి దాని వేడి దాదాపు 125 డిగ్రీలు. అదే మే నెల మధ్యాహ్నం బయట 43 డిగ్రీలున్నప్పుడైతే 140 డిగ్రీలు దాటుతుంది. ఆ గాలిని చల్లార్చడానికే బండి ముందుభాగంలో రేడియేటర్‌లా ఉండే ఇంటర్‌కూలర్ పెడతారు. కంపెనీ పెట్టిన ఇంటర్‌కూలర్ కంపెనీ నిర్ణయించిన బూస్ట్‌కి సరిపోతుంది. దాన్ని మించితే చేతులెత్తేస్తుంది.

పెట్రోలు ఇంజినులో వేడిగాలి వెళ్తే వచ్చే ప్రమాదం 'నాకింగ్'. స్పార్క్ వెలిగించిన మంట వరసగా పాకాల్సింది పోయి, మిగిలిన మిశ్రమం తనంతట తాను భగ్గుమంటుంది. లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు. కొద్దిసేపైతే కంప్యూటర్ సర్దుకుంటుంది. ఎక్కువసేపు సాగితే పిస్టన్ అంచులు విరుగుతాయి, పిస్టన్‌కి చిల్లు కూడా పడొచ్చు. డీజిల్‌లో ఈ రకం నాకింగ్ ఉండదు. అక్కడ వేడి మరోలా దెబ్బతీస్తుంది. ఇంధనం ఎక్కువై నల్లపొగ, మండిపోయే పొగగొట్టం, హెడ్ గ్యాస్కెట్ మీద మోయలేని భారం, జారిపోయే క్లచ్.

ఈ నష్టాలేవీ మొదటిరోజు కనిపించవు. అదే అసలు ప్రమాదం. బూస్ట్ పెంచిన సాయంత్రం బండి నిజంగానే ఎగిరి దూకుతుంది. 'ఏం కాలేదు' అన్న గుంటూరు స్నేహితుల మాట ఆరోజుకి నిజమే. బిల్లు నెలల తర్వాత వస్తుంది. టర్బో పోతే వేలల్లో, ఇంజిను పోతే లక్షల్లో!

వందేళ్ల పాఠం

టర్బో నిన్నమొన్నటిది కాదు. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బుచీ దీనికి పేటెంట్ తీసుకున్నది 1905లో. వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం మొదలైన 1918లోనే అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజినీరు ఓ విమానం ఇంజినుని 14 వేల అడుగుల ఎత్తున్న పైక్స్ పీక్ కొండమీదికి చేర్చాడు. కింద సుమారు 350 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజిను, గాలి పల్చగా ఉండే కొండమీద 230కి పడిపోయింది. టర్బో తగిలించగానే మళ్లీ 350 దాటింది! పోగొట్టుకున్న ఊపిరిని టర్బో తిరిగి తెచ్చిపెట్టింది.

రోడ్డుమీది కార్లలోకి టర్బో వచ్చింది 1962లో. అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వెయిర్ మోంజా స్పైడర్ ఆ ఏడాదే విడుదలయ్యాయి. జెట్‌ఫైర్‌లో బూస్ట్ అయిదు పీఎస్ఐ. నాకింగ్ రాకుండా నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజినులోకి చిమ్మే ఏర్పాటు చేశారు. ఆ ద్రవం అయిపోతే బూస్ట్ తగ్గిపోయే జాగ్రత్త కూడా పెట్టారు. కానీ కొన్నవాళ్లలో చాలామంది ఆ డబ్బా నింపడమే మర్చిపోయారు. బండి లాగట్లేదని ఫిర్యాదులు! రెండేళ్లలో పదివేల లోపే అమ్ముడై ఆ మోడల్ ఆగిపోయింది. తర్వాత కంపెనీయే చాలా కార్లకి టర్బో తీసేసి మామూలు కార్బ్యురేటర్ పెట్టి ఇచ్చింది. ఇంజినీరు పెట్టిన జాగ్రత్త వాడేవాడికి అర్థం కాకపోతే ఏమవుతుందో చెప్పే కథ ఇది.

దారి చూపింది స్వీడన్ కంపెనీ సాబ్. 1970ల చివర్లో వచ్చిన సాబ్ 99 టర్బో, వేగం రికార్డుల కోసం కాకుండా రోజువారీ రోడ్డు కోసం బూస్ట్‌ని వేస్ట్‌గేట్‌తో కట్టడి చేసింది. 1980ల మొదట్లో అదే కంపెనీ ఇంకో అడుగు వేసింది. ఇంజిను గోడకి నాకింగ్‌ని వినే 'చెవి' ఒకటి తగిలించింది. నాకింగ్ మొదలవగానే బూస్ట్ దానంతటదే తగ్గుతుంది. ఏ రకం పెట్రోలు పోసినా ఇంజిను తన హద్దు తానే వెతుక్కుంటుంది. నేటి టర్బో పెట్రోలు కార్లన్నీ ఆ దారిలోవే.

ఇక హద్దు లేకపోతే ఏమవుతుందో ఫార్ములా వన్ చూపించింది. 1986లో కేవలం ఒకటిన్నర లీటర్ల బీఎండబ్ల్యూ ఇంజిన్లు అయిదు బార్‌కి పైగా బూస్ట్‌తో వెయ్యి హార్స్‌పవర్ దాటేశాయి. అయితే క్వాలిఫయింగ్ కోసం అలా సిద్ధం చేసిన ఇంజిను కొద్ది చుట్లకే తుక్కు! నిర్వాహకులే కలగజేసుకుని 1987లో నాలుగు బార్‌కి, 1988లో రెండున్నర బార్‌కి హద్దు పెట్టారు. 1989లో టర్బోలనే నిషేధించారు. మళ్లీ అవి తిరిగొచ్చింది 2014లో. రేసుకి ఇంజిన్లు పారేసుకునే స్తోమత ఉంది. చీరల మూటలు మోసే కారుకి ఉందా?

మన గడ్డమీది టర్బో

టర్బో పెట్రోలు కార్లు ఇప్పుడు ఆంధ్రాలోనే తయారవుతున్నాయి. పెనుకొండ దగ్గరి కియా కర్మాగారం నుంచి 2019లో వచ్చిన సెల్టోస్‌లో 1.4 లీటర్ల టర్బో ఇంజిను బలం 140 పీఎస్. 2020లో అక్కడినుంచే వచ్చిన సోనెట్‌ని చూస్తే టర్బో మహిమ ఇంకా బాగా అర్థమవుతుంది. అందులో టర్బో లేని 1.2 లీటర్ల ఇంజిను 83 పీఎస్ ఇస్తే, టర్బో ఉన్న ఒక లీటరు ఇంజిను 120 పీఎస్ ఇచ్చింది. ఇంజిను చిన్నది, బలం పెద్దది!

ఆ 120ని 140 చేయడం కంపెనీకి చేతకాక కాదు. ఒకే కారు రాజస్థాన్ ఎండలో, ఊటీ ఘాట్‌లో, కల్తీ పెట్రోలుతో, ఆలస్యంగా మార్చిన ఆయిల్‌తో కూడా ఏళ్ల తరబడి నడవాలి. ఆ చెడ్డరోజు కోసం కొంత బలాన్ని కంపెనీ దాచిపెడుతుంది. ట్యూనింగ్ పేరుతో మనం వాడేసుకునేది ఆ దాచిన సొమ్మునే.

చట్టం సంగతీ ఉంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ కంపెనీ చెప్పిన లెక్కలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతిలేని ఒక్కో మార్పుకి యజమానికి అయిదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ పడొచ్చు. వారంటీ పోతుంది. ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ వస్తుంది. వీటన్నిటికంటే ముఖ్యమైంది మరొకటుంది. బ్రేకులు, టైర్లు పాత బలానికి సరిపడా ఇచ్చినవే. పత్తి ట్రాక్టర్లు, ఆటోలు, ఎదురొచ్చే బైకులు ఉండే దారిలో కారు ఎంత వేగం అందుకోగలదన్నది రెండో ప్రశ్నే. ఎంత దూరంలో ఆగగలదన్నది మొదటి ప్రశ్న.

ఇంతకీ ఆ కుర్రాడి బండి...

మన కథలోని మెకానిక్ బాబాయ్ బూస్ట్ పెంచలేదు. బానెట్ ఎత్తాడు. ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపితే పత్తి పింజలు, దుమ్ము. ఇంటర్‌కూలర్‌కి వెళ్లే లావు రబ్బరు పైపుకి కింది వైపున చీలిక. స్కానర్ పెడితే కంప్యూటర్ ఎప్పుడో రాసిపెట్టుకున్న కోడ్... పి0299. అంటే రావాల్సిన బూస్ట్ రావట్లేదని. ఎక్కువైతే వచ్చే కోడ్ వేరే, పి0234. బండికి కావాల్సింది కొత్త బలం కాదు. దాని బలం దానికి తిరిగి ఇవ్వడం!

ఇలా జరగడం అరుదేం కాదు. 'పికప్ చాలట్లేదు' అని వచ్చే పాత టర్బో బళ్లలో ముందు చూడాల్సినవి ఇవే. పైపు, క్లిప్పు, ఫిల్టర్. వీటికయ్యే ఖర్చు ఇంజిను ఖర్చులో ఏపాటి! చీలిన పైపు అలాగే ఉంచి బూస్ట్ పెంచితే, లీకుని పూడ్చడానికి టర్బో ఇంకా ఇంకా వేగంగా తిరిగి తనను తానే అరగదీసుకునేది.

ఇంటికొచ్చి కొడుకు ఈ సంగతంతా చెబితే మగ్గం గుంటలో కూర్చున్న తండ్రికి విడమరిచి చెప్పాల్సిన పని ఉండదు. పడుగు వదులైతే గుడ్డ కుదరదు. మరీ బిగిస్తే పోగులు తెగుతాయి. ఎంత బిగువు చాలో చేతికి తెలియడమే నేత. టర్బో విషయంలో ఆ బిగువు తెలిసిన చేయి వేస్ట్‌గేట్.

ఇంట్లో టర్బో కారుంటే...

* బండి స్టార్ట్ చేయగానే యాక్సిలరేటర్ తొక్కేయకండి. అర నిమిషం ఆగితే నూనె టర్బో దాకా చేరుతుంది.

* హైవేమీద గట్టిగా నడిపి వచ్చాక వెంటనే ఇంజిను ఆపేయొద్దు. అర నిమిషమో నిమిషమో అలాగే ఉంచితే టర్బో చల్లబడుతుంది.

* కంపెనీ చెప్పిన రకం ఇంజిన్ ఆయిలే వాడాలి, చెప్పిన సమయానికే మార్చాలి. టర్బోలు పాడవడానికి నూనె లోపాలు పెద్ద కారణం.

* పత్తి, మిర్చి సీజన్లలో తిరిగే బళ్లకి ఎయిర్ ఫిల్టర్‌ని మామూలు కంటే ముందే చూపించండి.

* సర్వీసింగ్‌లో వేస్ట్‌గేట్ కడ్డీ స్వేచ్ఛగా కదులుతోందో లేదో చూడమనండి. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో తుప్పు త్వరగా పడుతుంది. ఎప్పుడూ ఊళ్లోనే మెల్లగా తిరిగే డీజిల్ బళ్లలో మసి పేరుకుని వీజీటీ రెక్కలు బిగుసుకోవచ్చు.

* ఎప్పుడూ లేని ఈల చప్పుడు, నల్లపొగ, నీలిపొగ, ఉన్నట్టుండి పికప్ తగ్గడం... వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయొద్దు. బోర్డుమీద ఇంజిన్ లైటు వెలిగితే స్కాన్ చేయించండి.

* చాలా టర్బో బళ్లు తొక్కిన వెంటనే లాగవు, క్షణం ఆలస్యంగా అందుకుంటాయి. ఓవర్‌టేక్ చేసేముందు గేరు తగ్గించి, ఖాళీ చూసుకుని, అప్పుడే బయటికి రండి.

* సెకండ్‌హ్యాండ్ టర్బో కారు కొంటుంటే, బానెట్ కింద అదనపు వాల్వులు, డబ్బాలు తగిలించారేమో తెలిసిన మెకానిక్‌తో చూపించండి.

ఈ ఆదివారం రామాపురం దారిలో ఏదైనా కారు 'ఉస్‌స్' మంటూ మిమ్మల్ని దాటి వెళ్తే పోనివ్వండి. మీ బండి లోపల రూపాయి బిళ్లంత మూత సరిగ్గా తెరుచుకుని, సరిగ్గా మూసుకుంటోందా... అది చూసుకుంటే చాలు. సముద్రం ఎక్కడికీ పోదు!